వెనక చక్రాలకు పెళ్ళి పళ్ళాలు

మా పెళ్ళికి మా మేనమామ చదివించిన రెండు పెద్ద స్టీలు పళ్ళాలు ఇప్పుడు మా కారు వెనక చక్రాలకు ఉన్నాయి. అంచు మీద ఆయన పేరు, ఊరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉన్నాయి కాబట్టి కారు కదిలినప్పుడల్లా ఆ పేరు గిర్రున తిరుగుతుంది. మొన్న ఇంటికొచ్చిన మామయ్య చక్రం దగ్గర వంగి, తన పేరు తానే చదువుకుని, నిదానంగా లేచాడు. "అన్నం పెట్టుకు తింటారని ఇచ్చానమ్మా" అన్నాడు. మాది పెనుబల్లి వైపు. మా వాళ్ళు కోపాన్ని కూడా మర్యాదగానే చెబుతారు. "గాలి కోసం మామయ్యా" అన్నాను. ఆయన కాఫీ తాగి వెళ్ళేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

గాలి కోసం అనడం అబద్ధం కాదు. మా ఆయన పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో టర్బైన్ సెక్షన్‌లో పనిచేస్తాడు. పనికిరాని చోట గాలి దూరితే బొగ్గు దండగ అని ఇరవై ఏళ్ళుగా షిఫ్టులు చేసి నేర్చుకున్న మనిషి. ఇంట్లో కూడా అంతే. కిటికీ సందులోంచి గాలి వస్తే వేలు పెట్టి చూస్తాడు, ఫ్రిజ్ తలుపు రబ్బరుకు కాగితం ముక్క పెట్టి లాగి చూస్తాడు. అన్నం ఉడికేటప్పుడు మూత తీస్తే నన్ను దొంగను చూసినట్టు చూస్తాడు. ఇట్లాంటివాడితో కాపురం చేస్తే రెండే దారులు. నవ్వాలి, లేదా పుట్టింటికి పోవాలి. నేను మొదటిది ఎంచుకున్నాను, చాలావరకు.

కానీ కారు సంగతి ఆ పిచ్చితో మొదలవలేదు. మా అత్తమ్మతో మొదలైంది.

అత్తమ్మకు ఉన్నది ఒక్క అక్క. టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఒక ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటుంది. మా ఆయనకు పెద్దమ్మ. ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది, తర్వాత వినికిడీ పోయింది. ఫోను పనికిరాదు. చెల్లెలు వచ్చిందని ఆమెకు తెలియాలంటే ఒకటే మార్గం. అత్తమ్మ చూపుడువేలు చిన్నప్పుడు కొడవలి తెగి కొంచెం వంకరపోయింది. ఆ వేలు చేతికి తగలగానే పెద్దమ్మ ముఖం విచ్చుకుంటుంది. ఆ తర్వాత అత్తమ్మ అరుగు మీద కూర్చుని అక్క తలకు కొబ్బరినూనె పెట్టి, చిక్కు తీసి, ఆ నాలుగు వెంట్రుకలనే జడగా అల్లుతుంది. ఒక్క మాట ఉండదు. చిన్నప్పుడు తల్లి పోతే చెల్లెలికి రోజూ జడ వేసింది ఆ అక్కేనట. ఆదివారం ఆదివారం వాళ్ళిద్దరికీ ఇదే పండగ.

బస్సు ఎక్కితే అత్తమ్మకు వాంతులు. డీజిల్ వాసన తగిలిందంటే కొత్తగూడెం కూడా చేరలేదు. కాబట్టి మా పాత తెల్ల కారే దిక్కు. అంతా బాగానే జరుగుతుండగా ఒక రోజు పెట్రోలు బంకులో మా ఆయన నోరు జారాడు. "ఈ బండి పెట్రోలు తాగుతలేదు, మింగుతున్నది" అన్నాడు. అన్నది బంకు అతనితో. విన్నది వెనక సీట్లో ఉన్న తల్లి.

ఆ వచ్చే ఆదివారం అత్తమ్మ మంచం దిగలేదు. "మోకాళ్ళు గుంజుతున్నయ్ బిడ్డా, నేను రాను" అంది నాతో. ఆ తర్వాతి వారం తలనొప్పి. ఆ పై వారం ఏ నొప్పీ దొరకలేదేమో, "అక్క యాడికి పోతది? ఉంటది తియ్" అంది. ఆ వయసు మనిషి గురించి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! అన్నాక వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. అక్కడ పెద్దమ్మ ఆదివారం పొద్దున్నే అరుగు మీద కూర్చుని, తల విరబోసుకుని, మధ్యాహ్నం దాకా చేతులు ముందుకు చాపి కూర్చుంటోందని వాళ్ళ కొడుకు ఫోన్ చేసి చెప్పాడు.

"వెళ్ళి బతిమాలండి" అన్నాను మా ఆయనతో.

"బతిమాలితే వస్తదా ఆమె? నన్ను కన్నది ఆమెనే గదా, నాకు తెల్వదా? కొడుకు జేబు కరుగుతదని మనసుల పెట్టుకున్నది. ఖర్చు తగ్గిందని కండ్లకు కనపడాలె. అప్పుడే కదులుతది."

అదీ సంగతి. ఇద్దరు ముసలి అక్కాచెల్లెళ్ళు మళ్ళీ కలుసుకోవాలంటే మా కారు గాలితో రాజీ పడాలి. కారు మార్చేంత స్తోమత లేదు, ఇంజను బాగానే ఉంది. ఇక మిగిలింది గాలి ఒక్కటే అని ఆయన తేల్చాడు. ఫోన్లో వీడియోలు చూశాడు. ఎక్కడో చలి దేశాల్లో ఎవరెవరో తమ కార్లకు అట్టలు, రేకులు అతికించుకుని మైలేజీ పెంచుకున్నారట. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు ఆ రోజు నుంచి మా వాకిలి వర్క్‌షాపు అయింది.

మొదట ఊడదీయడం. పైన సామాను కట్టుకునే క్యారియర్ పోయింది. ముందున్న ఇనుప గార్డు పోయింది. చక్రాల వెనక వేలాడే రబ్బరు రేకులు పోయాయి. చివరికి బంపరుకు వేలాడుతున్న నిమ్మకాయ మిరపకాయల దండ దగ్గరికొచ్చాడు. అది అత్తమ్మ శాఖ. ప్రతి అమావాస్యకూ తనే కొత్తది కడుతుంది.

"అమ్మా, ఇది గాలికి అడ్డమొస్తున్నది. లోపల కట్టుకుందాం."

"దిష్టి లోపలికి వచ్చినంక ఏం ఆపుతది రా? తలుపు బయట కుక్కను కట్టేస్తరు గానీ మంచం కింద కట్టేస్తరా?"

వాదన రెండు రోజులు నడిచింది. చివరికి మిరపకాయలు బానెట్ లోపల, గాలికి కనపడని చోట కట్టేటట్టు, నిమ్మకాయ మాత్రం విడిగా కారులో ఉండేటట్టు ఒప్పందం కుదిరింది. ఆ నిమ్మకాయ సంగతి తర్వాత చెబుతాను.

ఆ తర్వాత అతికించడం. కారు ముందువైపు జాలీలో సగాన్ని ఫ్లెక్సీ ముక్కతో మూశాడు. అది ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. ముఖం లోపలికి పెట్టి అతికించాడు గానీ మా పాల్వంచ ఎండకు గమ్ము కరిగి ముక్క తిరగబడింది. తెల్లారి చూస్తే రెండు హెడ్‌లైట్ల మధ్య ఒక మీసం, ఒక నవ్వు. "సార్ ఏ పార్టీల చేరిండు మేడం?" అని కాలనీలో నన్ను అడిగారు. ఇంజను అడుగున నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము కోసి, ఎండలో మెత్తబరిచి, పైన నా రుబ్బురోలు పెట్టి చదును చేసి బిగించాడు. స్పీడ్ బ్రేకర్ దాటితే అది దబదబమని మోగేది. పళ్ళాలు ఎప్పుడు ఎత్తుకెళ్ళాడో నాకు తెలియనే తెలియదు. ఆవకాయ కలపడానికి వెతికితే అటక మీద లేవు. వాకిట్లోకి వచ్చి చూస్తే గాలి దూరకుండా చక్రాలకు మూతల్లా మెరుస్తున్నాయి.

అన్నిటికంటే చూడముచ్చటైనది తోక. కారు వెనక భాగం నిట్టనిలువుగా తెగినట్టు ఉంటే అక్కడ గాలి సుడి తిరిగి బండిని వెనక్కి లాగుతుందట. అందుకని గుల్ల ప్లాస్టిక్ అట్టలు, వెదురు బద్దలు కలిపి వెనక్కి సన్నబడే తోకలాంటిది కట్టాడు. పక్కింటాయన వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఏంది సార్, చేప లెక్క చేసిన్రు?" అని నవ్వాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. "అవ్, చేపనే! కరెక్ట్‌గ పట్టుకున్నవ్" అని అతన్ని కూర్చోబెట్టి ఒక గంట వివరించాడు. పాపం, అతను మళ్ళీ మా గేటు వైపు రాలేదు.

ఇంత చేసినా కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే అయింది. మైలేజీ పెరిగింది, పెరగలేదని అనలేను. కానీ పెరిగింది గోరంత. ఆయన మాత్రం ఆ గోరంతకే బంకు దగ్గర పసివాడిలా సంబరపడేవాడు. అప్పుడు ఆ ముఖం చూస్తే నాకు ముచ్చటేసేది. తల్లిని ఒక మాట అడగలేక, ఇన్ని అట్టలు అతికించిన మనిషి మీద కోపం ఎట్లా తెచ్చుకోను?

చివరగా గాలి ఎటు పోతోందో కంటితో చూడాలన్నాడు. దానికి దారాలు కావాలట. గుమ్మానికి తోరణం అల్లుదామని నేను కొని పక్కన పడేసిన ఎరుపు, పసుపు ఊలు ఉంది. దాన్ని జానెడు ముక్కలు చేసి కారు ఒంటినిండా టేపుతో అంటించాడు. పొద్దున్నే కాలనీ బయట తిన్నటి రోడ్డు మీద ఆయన కారు నడుపుతుంటే పక్కన నేను స్కూటీ మీద. దారాలు పడుకుంటే గాలి సాఫీగా జారుతున్నట్టు, ఎగిరితే సుడి తిరుగుతున్నట్టు.

"పడుకున్నయా?" అని లోపలి నుంచి అరుపు.

"తలుపు మీదవి పడుకున్నాయండీ!"

"వెనక?"

"వెనకవి శివాలెత్తుతున్నాయి!"

వాకింగ్‌కు వచ్చినవాళ్ళు ఆగి మరీ చూశారు. మర్యాదస్తుల ఇంటి కోడలిని, కొంగు నడుముకు చెక్కుకుని రోడ్డు మీద గావుకేకలు పెడుతున్నాను. ఒట్టేసి చెబుతున్నాను, ఆ పొద్దు నాకు భలే సరదాగా ఉంది.

శనివారం సాయంత్రం ఆయన తల్లి దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, రేపు నువ్వు బండిల కూసోవాలె."

"ఎందుకు?"

"వెనక బరువు కావాలె. ఒట్టి బండితోని లెక్క తేలుతలేదు."

"బియ్యం బస్తా పెట్టుకోరాదు?"

"బస్తాతోని చూసిన. బస్తా మనిషి లెక్క కదలదు గదా. అసలు లెక్క మనిషి కూసుంటెనే తేలుతది."

అత్తమ్మ కొడుకు ముఖం వైపు కొంచెంసేపు చూసింది. "ఎటు దిక్కు పోతవ్?"

"టేకులపల్లి రోడ్డు ఖాళీగుంటది."

"పరీక్షకేనా?"

"పరీక్షకే."

"పరీక్షకైతే వస్త" అంది. తెల్లారి లేచేసరికి చింతచిగురు పప్పు డబ్బాలో సర్ది ఉంది. సంచిలో దువ్వెన, కొబ్బరినూనె సీసా ఉన్నాయి. పరీక్షకు కొబ్బరినూనె ఎందుకని నేను అడగలేదు.

ఎండాకాలం. కొత్తగూడెం దాటేసరికే రోడ్డు మీద సెగలు లేస్తున్నాయి. ఏసీ వేస్తే ఇంజనుకు భారం. అద్దాలు దించితే గాలి లోపలికి దూరి బండిని సంచిలా ఉబ్బించి వెనక్కి లాగుతుంది. ఇదంతా ఆయన ముందే చెప్పాడు. కాబట్టి ఏసీ లేదు, అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. అత్తమ్మ నిమ్మకాయను ముక్కు దగ్గర పట్టుకుని కూర్చుంది. బంపరు నుంచి దిగిన నిమ్మకాయకు ఆ పని దొరికింది.

ఒక ఊరి దగ్గర తోక తాలూకు తాడు వదులైంది. ఆపి బిగిస్తుంటే బస్టాపు రేకుల నీడలో కూర్చున్న ఒక ముసలమ్మ లేచి వచ్చింది. ఒళ్ళంతా ఎరుపు, పసుపు దారాలతో ఉన్న కారు. పరీక్ష పూర్తయ్యేదాకా దారాలు పీకొద్దని ఆయన ఆజ్ఞ మరి. ముసలమ్మ కళ్ళు మూసుకుని దారాలను తాకి, కళ్ళకద్దుకుంది. నడుము దగ్గరి సంచిలోంచి పసుపు, కుంకుమ తీసి బానెట్ మీద బొట్టు పెట్టింది. నాకు నవ్వు ఆగడం లేదు. అత్తమ్మ గాలి కోసం తలుపు తెరుచుకుని కూర్చుని ఉంది.

"భద్రాచలం పోయొస్తున్నరా అవ్వా? గింత పెద్ద మొక్కు మొక్కిన్రు, ఏం మొక్కు?" అంది ముసలమ్మ.

అది మొక్కు కాదు, మైలేజీ అని చెబుదామని నేను నోరు తెరిచాను. అంతలోనే అత్తమ్మ అంది, "మా అక్కను చూడాలని మొక్కు."

నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. కారు వెనక తాడు ముడివేస్తున్న ఆయన చేతులు ఆగిపోయాయి. "తీరుతది పో" అంది ముసలమ్మ, అత్తమ్మ తల నిమిరి.

మళ్ళీ బయల్దేరాం. అడవి మొదలైంది, ఇప్పపూలు రాలే కాలం, బయట ఆ వాసన ఎంత నిండుగా ఉంటుందో తెలుసు గానీ అద్దాల వెనక మాకు ప్లాస్టిక్ వేడి వాసన తప్ప ఏమీ లేదు. అద్దంలోంచి అత్తమ్మను చూశాను. ముఖం పాలిపోయింది, పెదాలు బిగబట్టింది, నిమ్మకాయను గోళ్ళతో గిచ్చి గిచ్చి పీలుస్తోంది.

"అద్దం దించనా అత్తమ్మా?"

"వద్దు బిడ్డా" అని చెయ్యి ఊపింది. "లెక్క చెడిపోతది."

కొంచెం దూరం పోగానే "ఆపు, ఆపు" అంది. ఆయన ఆపీ ఆపకముందే తలుపు తీసుకుని దిగి, టేకు చెట్టు పట్టుకుని కక్కేసుకుంది. నేను వీపు రాశాను. ఆయన నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాడు. అత్తమ్మ నోరు కడుక్కుంది, కొంగుతో ముఖం తుడుచుకుంది, కొడుకు వైపు తిరిగి మొట్టమొదట అడిగిన మాట ఇది:

"నడుమల ఆపినందుకు పెట్రోలు ఎంత పోయింది రా?"

ఆయన సీసా మూత బిగించాడు. కారు చుట్టూ తిరిగి ఒక్కొక్క తలుపూ తెరిచి, హ్యాండిల్ తిప్పి అద్దాలు దించాడు. నాలుగూ పూర్తిగా. తర్వాత వెనక తలుపు పట్టుకుని, "కూసో అమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ప్రయాణం ప్రయాణం కాదు, గాలివాన. ఇప్పపూల వాసనతో అడవి అడవంతా కారులోకి వచ్చింది. బయట దారాలు ఒక్కటంటే ఒక్కటి పడుకోలేదు. లోపల నా కొంగు, అత్తమ్మ జుట్టు, అన్నీ ఎగిరాయి. అత్తమ్మ కిటికీలో గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది.

పెద్దమ్మ అరుగు మీదే ఉంది. తల విరబోసుకుని, చేతులు చాపి. అత్తమ్మ దాదాపు పరుగెత్తి ఆ చేతుల్లో తన వంకర వేలు పెట్టింది. పెద్దమ్మ ఆ వేలిని గట్టిగా పట్టుకుంది, వదలలేదు. ఇంకో చేత్తో చెల్లెలి భుజం, చెంప, నుదురు తడుముకుంటూ తల దగ్గరికి వచ్చి ఆగింది. గాలికి చిక్కుపడి పిచ్చుకగూడులా ఉంది ఆ తల. చెవులు వినపడని మనిషి కదా, వీధి చివరిదాకా వినపడేటట్టు అంది: "ఏందే, తల దువ్వుకోకుండ వచ్చినవ్? ఇటు తిరుగు!"

అరవై ఏళ్ళు దాటిన మా అత్తమ్మ, ఇంట్లో నన్నూ కొడుకునూ గడగడలాడించే మనిషి, చిన్నపిల్లలా వెనక్కి తిరిగి అక్క మోకాళ్ళ ముందు కూర్చుంది. చూపు లేని ఆ చేతులు చిక్కు తీస్తుంటే నొప్పి పుట్టి "అబ్బా" అంది, మళ్ళీ నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఆ రోజు ముందు చెల్లెలికి జడ పడింది, తర్వాతే అక్కకు. మా ఆయన వేపచెట్టు నీడలో కారుకు ఆనుకుని, అటు చూడనట్టు టేపు ముక్కలు పీకుతూ నిలబడ్డాడు. నేను ఆయన పక్కకు పోయి నిలబడ్డాను. ఎందుకో ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

వచ్చేటప్పుడు కూడా అద్దాలు ఎక్కించలేదు. పాల్వంచ చేరాక అలవాటు ప్రకారం అదే బంకులో ట్యాంకు నింపించాడు. ఫోన్లో లెక్క వేసుకుంటుంటే నేను భుజం మీదుగా తొంగిచూశాను. కొండను తవ్వి పట్టిన ఆ ఎలుక కూడా పారిపోయింది. పళ్ళాలు, తోక, డ్రమ్ము, ఏవీ లేని రోజుల కంటే తక్కువ మైలేజీ వచ్చింది.

"ఎంతొచ్చింది రా?" అంది అత్తమ్మ వెనక నుంచి.

నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంకెల్లో అబద్ధం ఆడగా నేను చూడలేదు. కూరలో ఉప్పు గురించి కూడా ఆడలేడు. ఆడబోతే చెవులు ఎర్రబడతాయి.

"ఎప్పుడు రానంత వచ్చిందమ్మా. అద్దాలు దించితెనే మంచిగున్నది. నేనే ఉల్టా అనుకున్న. ఇంత తక్కువ ఖర్చుకు వారం వారం పోవచ్చు."

అత్తమ్మ అక్క వేసిన బిగుతు జడను ముందుకు తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుంది. ముందు సీట్లో కొడుకు చెవులు ఎంత ఎర్రగా ఉన్నాయో నాకంటే ఆమెకే బాగా కనపడుతోంది.

"గట్లనే చెప్పు కొడుకా" అంది. "ప్రతి ఆదివారం గట్లనే చెప్పు."

వెనక బండివాడు హారన్ కొడుతున్నాడు. ఆయన కారు స్టార్ట్ చేశాడు.